ఆఖరి అధ్యాయం అత్త దగ్గర

మా మేనత్త ఎవరికీ నవల పూర్తిగా ఇవ్వదు. ఎంత పెద్దమనిషి వచ్చి అడిగినా, ఎన్నేళ్ళ పరిచయమున్నా, ఆఖరి అధ్యాయం మాత్రం ఆవిడ బల్ల సొరుగులోనే ఉంటుంది.

నడిపేది అద్దెకు నవలలిచ్చే షాపు. అలాంటిది నవల పూర్తిగా ఇవ్వకపోతే ఎలా అని మీరు అడగొచ్చు. మీకంటే ముందు చాలామంది అడిగారు. ఒకసారి ఎవరో ఫిర్యాదు చేస్తే మునిసిపల్ ఆఫీసు నుంచి ముగ్గురు తనిఖీకి వచ్చారు. అత్త వాళ్ళను కూర్చోబెట్టి, టీ ఇచ్చి, తలా ఒక నవల చేతిలో పెట్టి పంపింది. మూడో రోజు పొద్దున నేను షట్టర్ ఎత్తడానికి వెళ్ళేసరికి ముగ్గురూ మెట్ల మీద వరసగా కూర్చుని ఉన్నారు. ఒకాయన కళ్ళు వాచిపోయి ఉన్నాయి.

"తనిఖీకా సార్?" అన్నాను.

"తనిఖీ లేదు, గినిఖీ లేదు. ఆ పిల్ల పెళ్ళికి ఒప్పుకుందా లేదా, ముందది చెప్పవయ్యా!"

ఈ ఘనకార్యంలో సగం వాటా నాది. నేను తొమ్మిదో తరగతిలో చదువుకు సెలవిచ్చాను. ఫెయిలయ్యానని గిట్టనివాళ్ళు అంటారు. నిజానికి లెక్కల మాస్టారే నా దగ్గరికొచ్చి, "బాబూ, నీకు చెప్పడానికి నా దగ్గర ఇంకేమీ మిగల్లేదు" అని చేతులు జోడించారు. ఆయన ఏ అర్థంలో అన్నారో నేను తరచి అడగలేదు. అప్పటి నుంచి పుస్తకాల బైండింగ్ నా వృత్తి. నా కుట్టు ఎంత గట్టిదంటే, నేను కుట్టిన డిక్షనరీ ఒకటి మూడో అంతస్తు నుంచి పడితే కింద ఆపిన స్కూటర్ సొట్టపోయింది గానీ ఒక్క కాగితం ఊడలేదు. స్కూటరు యజమాని ఇప్పటికీ నాకు దండం పెడతాడు.

అత్త కొత్త నవల కొనగానే అది షాపు వెనక గదిలో ఉన్న నా దగ్గరికి వస్తుంది. అట్ట విప్పి, ఆఖరి అధ్యాయం వేరుచేసి, మిగతా పుస్తకాన్ని మళ్ళీ కుట్టేస్తాను. వేరుచేసిన పేజీలకు ఖాకీ కాగితం తొడిగి పల్చటి పుస్తకంలా కుడతాను. రెండింటి మీదా ఒకే నంబరు. పాతకాలం కథకు ఆకుపచ్చ దారం, ఈకాలం కథకు ఎర్ర దారం. పల్చటివన్నీ సొరుగులోకి, లావుపాటివన్నీ అరల్లోకి.

అరలు రెండే. ఒకదాని మీద "అప్పటి ప్రేమ" అని, రెండోదాని మీద "ఇప్పటి ప్రేమ" అని అత్త స్వయంగా రంగుతో రాసింది. అప్పటి ప్రేమలో కోటలు, గుర్రాలు, ఆరు నెలలకు చేరే ఉత్తరాలు ఉంటాయి. ఇప్పటి ప్రేమలో లిఫ్టులు, బస్టాపులు, ఎంతకీ ఎత్తని ఫోన్లు ఉంటాయి. ఈ రెండూ తప్ప అత్త షాపులో మరో రకం పుస్తకం లేదు. ఎవరైనా వచ్చి డిటెక్టివ్ నవల అడిగితే, "మొగుడి మనసులో ఏముందో కనిపెట్టడం కంటే పెద్ద డిటెక్టివ్ పనేముందమ్మా" అని ఇప్పటి ప్రేమలోంచి ఒకటి తీసిస్తుంది.

అడిగిన పుస్తకం ఇచ్చే అలవాటు కూడా ఆవిడకు లేదు. ముందు మనిషిని పైనుంచి కిందికి చూస్తుంది. చెప్పులెలా ఉన్నాయో చూస్తుంది. తర్వాత మందు రాసిచ్చినట్టు చెబుతుంది.

"అత్తయ్యగారూ, ఆఫీసులో బాసు ప్రేమలో పడే నవల ఒకటివ్వరూ?" అంది ఓసారి ఒక అమ్మాయి.

"నీకు బాసులు పడరమ్మా. కిందటి నెల ఇద్దరు బాసుల్ని చదివి ఉద్యోగం మానేశావు. కొన్నాళ్ళు గుర్రాల మీద ఉండు."

"గుర్రాలంటే నాకు భయమండీ!"

"చదవమన్నాను గానీ ఎక్కమన్నానా? రోజుకి రెండు అధ్యాయాలు, భోజనం చేశాక. రాజకుమారుడు వచ్చే పేజీలు ఖాళీ కడుపుతో చదవకు, కళ్ళు తిరుగుతాయి."

ఇంకోసారి ఒక హెడ్ కానిస్టేబుల్ మీసం మెలేసుకుంటూ వచ్చి, కత్తియుద్ధాలుండే ప్రేమకథ కావాలన్నాడు. అత్త ఆయన చొక్కాకు ఊడిన గుండీ చూసి ఇప్పటి ప్రేమలోంచి బస్టాపు కథ తీసిచ్చింది. "ఇందులో ఒక్క కత్తి కూడా లేదేమిటండీ?" అన్నాడాయన దిగులుగా. "ఉంది. నూట పన్నెండో పేజీలో కూరగాయలు తరుగుతాడు. మీరూ నేర్చుకోండి," అంది అత్త.

నవల అయిపోయాక అసలు తతంగం మొదలవుతుంది. ఆఖరి అధ్యాయం కావాలంటే అత్త బల్ల పక్కనున్న ఎత్తుపీట మీద కూర్చోవాలి. టీ తాగాలి. ఆవిడ అడిగే మూడు ప్రశ్నలకు జవాబు చెప్పాలి. తప్పెవరిది? ముందు ఎవరు మాట్లాడాలి? ఆ చోట నువ్వుంటే ఏం చేసేవాడివి? జవాబు ఏదైనా ఫరవాలేదు. కానీ చెప్పాలి. మూడో ప్రశ్న దగ్గరికొచ్చేసరికి కథ వెనకబడి సొంత సంగతులు మొదలవుతాయి. అత్త వింటుంది. మధ్యలో ఒక్కమాట మాట్లాడదు. విన్నాక సొరుగు లాగి ఖాకీ పుస్తకం చేతిలో పెడుతుంది.

మా వీధి పళ్ళ డాక్టరు ఉన్నాడు చూడండి, ఆరడుగుల మనిషి. ఓ రోజు తెల్లకోటుతోనే పరిగెత్తుకొచ్చాడు.

"అక్కా, నీకు పుణ్యముంటుంది. రాణిగారికి ఉత్తరం అందిందా లేదా ఒక్కముక్క చెప్పు చాలు. కుర్చీలో మనిషిని నోరు తెరిపించి వచ్చాను."

"పీట మీద కూర్చోండి డాక్టరుగారూ. టీ తాగుతారా?"

"నోరు తెరుచుకుని ఉన్నాడక్కా అతను!"

"ఉండనీండి. తప్పెవరిది?"

ఆ పేషెంటు రెండు గంటలు నోరు తెరుచుకునే ఉన్నాడని, అతని నోట్లో పిచ్చుక గూడు పెట్టిందని నేను అందరికీ చెబుతుంటాను. గూడు మాట కొంచెం కల్పితమే. పిచ్చుక మాత్రం వచ్చి చూసి వెళ్ళింది.

ఇదంతా అత్త ఎందుకు చేస్తుందని అడిగితే ఆవిడ చెప్పే కారణం ఒక్కటే. "జనం ముందు ఆఖరి పేజీ తిప్పి చూస్తారు. అది దొంగతనం. సొరుగులో ఉంటే తిప్పలేరు." నేను చాలా ఏళ్ళు అదే నమ్మాను. గడియారాల మేస్త్రి గొడవ వచ్చేదాకా.

మా షాపుకు రెండు గుమ్మాల అవతల గడియారాలు బాగుచేసే ఆయన ఉన్నాడు. కంటికి భూతద్దం బిగించుకుని, ఊపిరి బిగబట్టి పనిచేస్తాడు. సమయం విషయంలో ఆయన అపర సూర్యుడు. ఆయన టీ తాగడానికి బయటికొస్తే వీధిలో అందరూ గడియారాలు సరిచేసుకుంటారు. ఆయన భార్య ఆ షాపు పైన గదిలో టైపు నేర్పుతుంది. ఆవిణ్ణి అందరూ టీచరమ్మ అంటారు. ఇద్దరూ అత్తకు పాత పాఠకులే. ఆయన అప్పటి ప్రేమ తప్ప చదవడు. ఆవిడ ఇప్పటి ప్రేమ తప్ప ముట్టుకోదు. "ఉత్తరం వెళ్ళడానికి ఆరు నెలలట. ఈలోగా నేనైతే ఇద్దరు పిల్లల్ని కనేదాన్ని," అంటుంది ఆవిడ. "ఫోన్లో రెండు నిమిషాల్లో తేలే గొడవని మూడొందల పేజీలు లాగుతారు," అంటాడు ఈయన. ఇరవై ఏళ్ళుగా ఇదే వాదన, నవ్వుకుంటూ.

అలాంటి వాళ్ళిద్దరి మధ్య మాట పడిపోయింది. కారణం, గోడ గడియారం.

అది టీచరమ్మ తల్లిది. ఆ పెద్దావిడ బతికున్నన్నాళ్ళూ దాన్ని ఎనిమిది నిమిషాలు ముందుకు పెట్టుకునేది, కూతురు బడికి ఆలస్యమవుతుందని. కూతురే టీచరైపోయినా ఆ ఎనిమిది నిమిషాలు అలాగే ఉండిపోయాయి. పెద్దావిడ పోయాక గడియారం వీళ్ళింటికి వచ్చింది. మేస్త్రి భార్యను సంతోషపెడదామని ఒక ఆదివారం దాన్ని విప్పి, తుడిచి, నూనె వేసి, సెకనుతో సహా సరిచేసి తగిలించాడు.

ఆవిడ వచ్చి చూసింది. "మా అమ్మ టైము ఏదండీ?" అంది.

"తప్పు టైము అది. సరిచేశాను."

ఆ ఒక్కమాట. అంతే, ఇల్లు మూగబోయింది. అవసరమైన సంగతులు ఆవిడ టైపు చేసి పాల గిన్నె కింద పెట్టేది. "గ్యాసు అయిపోయింది. ఇట్లు." అంతటి కోపంలోనూ ఆవిడ ఎక్కడా తప్పు కొట్టలేదట. ఆయన ఆ చీటీ వెనక పెన్సిలుతో "తెచ్చాను" అని రాసేవాడు. ఇలా నెల దాటింది. ఆయన క్షమాపణ అడగడు, చేసింది తప్పని ఇంకా తెలియలేదు కాబట్టి. ఆవిడ తెలియజెప్పదు, తెలియనందుకే కోపం కాబట్టి.

ఒక బుధవారం మేస్త్రి షాపుకు వచ్చాడు. అత్త ఆయన చెప్పులు చూసింది. రెండూ వేరు వేరు జతలవి. ఆకుపచ్చ దారం పుస్తకం ఒకటి తీసింది. నంబరు రెండొందల పధ్నాలుగు.

"ఒకే కోటలో ఉంటూ, మాట్లాడుకోవడం మానేసి, పావురం చేత ఉత్తరాలు పంపుకునే మొగుడూ పెళ్ళాల కథ," అంది.

"పెళ్ళైపోయినవాళ్ళా? ఇక ప్రేమేముంటుందండీ ఇందులో?"

"చదవండి. ఆఖరి అధ్యాయం నా దగ్గరే ఉంటుందిగా."

శనివారం మధ్యాహ్నం టీచరమ్మ వచ్చింది. నేను గుమ్మం దగ్గర జిగురు కలుపుతున్నాను.

"రైల్లో చదువుకోడానికి లావుపాటిది ఒకటివ్వండి అక్కా. ఇప్పటిది."

"ఎక్కడికమ్మా?"

"మా పెద్దక్క దగ్గరికి. రేపు నాలుగు గంటల బండి."

"రావడం ఎప్పుడు?"

"పోడానికే టిక్కెట్ తీసుకున్నా. టైపు మిషను తర్వాత పంపించమని చీటీ రాసి పెడతా." మామూలుగానే చెప్పింది.

అత్త చేతిలో పెన్ను మూత అలాగే ఉండిపోయింది. తర్వాత సొరుగు లాగి ఒక ఖాకీ పుస్తకం తీసి ఆవిడ చేతిలో పెట్టింది.

"ఇది ఆఖరి అధ్యాయం కదండీ? ముందు కథేది? పైగా పచ్చదారం. గుర్రాలా?"

"పావురాలు. తిరుగు ప్రయాణం లేదంటున్నావు, నీకిక మొదలుతో పనేముంది? ఆఖరిది చాలు. బండెక్కే ముందు మూడింటికి మొదలుపెట్టు. తేలిగ్గా ఉంటుంది."

టీచరమ్మ మొహం ఎర్రబడింది. అయినా తీసుకుంది. అత్త ఇచ్చింది వద్దనే ధైర్యం ఆ వీధిలో ఎవరికీ లేదు, నాతో సహా.

ఆవిడ వెళ్ళగానే అత్త లేచింది. పట్టపగలు షాపు వదిలి బయటికి నడిచింది. ఇన్నేళ్ళలో నేనది చూడ్డం మొదటిసారి. తిన్నగా మేస్త్రి కొట్టుకు వెళ్ళి, "ఎక్కడిదాకా వచ్చారు?" అంది. సగమయిందన్నాడు. "రేపు మూడింటికల్లా పూర్తి చెయ్యండి. అవతల ఇంకొకరికి కావాలి," అని వెనక్కొచ్చేసింది.

సాయంత్రం సొరుగు సర్దుతుంటే నా గుండె ఆగిపోయింది. రెండొందల పధ్నాలుగు లేదు! రేపో ఎల్లుండో మేస్త్రి వచ్చి పీట మీద కూర్చుంటాడు. ఇవ్వడానికేముంది? తెలివైనవాళ్ళకు ఈపాటికి అర్థమైపోయుంటుంది. నాకు కాలేదు. తొమ్మిదో తరగతిని ఊరికే అవమానించకూడదని అప్పుడనిపించింది.

"అత్తా, రెండొందల పధ్నాలుగు కనపడ్డం లేదు!"

"నువ్వే ఏ పుస్తకంలోనో పెట్టి కుట్టేసుంటావు. వెతుక్కో," అంది, కళ్ళజోడు తుడుచుకుంటూ.

ఆదివారం షాపుకు సెలవు. నేను మాత్రం పొద్దుటి నుంచి కాగితాల గుట్టల్లో దూరి, కుట్టిన పదిహేడు పుస్తకాలు విప్పి చూశాను. విప్పడానికి నా కుట్టు లొంగితేనా! రెండు కత్తెర్లు విరిగాయి.

సోమవారం పొద్దున షట్టర్ ఎత్తుతుండగా మేస్త్రి వస్తూ కనబడ్డాడు. నేను బల్ల కింద దాక్కుందామనుకున్నాను. ఆయన వెనకే టీచరమ్మ. నేను లెక్క చూసుకున్నాను. ఆదివారం నిన్ననే. బండి నిన్ననే. ఈవిడ ఇక్కడుంది.

అత్త తలెత్తకుండానే, "పీట ఒక్కటే ఉంది, సర్దుకోండి," అంది.

"మూడింటికి పూర్తయిందండీ," అన్నాడు మేస్త్రి. "సరిగ్గా మూడింటికి."

"మూడు దాటి రెండు నిమిషాలు," అంది టీచరమ్మ.

"సరే, మూడూ రెండు. నిన్న షాపు సెలవు కదా, ఆఖరిది ఎలాగా అని ముందు గదిలోకొచ్చాను. ఈవిడ పెట్టె మీద కూర్చుని ఉంది. చేతిలో పచ్చదారం. దాని మీద నంబరు."

"ఈయన నలభై ఒక్క రోజుల తర్వాత నోరు తెరిచి నాతో అన్న మొదటి మాటేంటో తెలుసా అక్కా? 'రెండొందల పధ్నాలుగు.' మతిపోయిందేమోనని హడలిపోయాను!"

"అది నాది అన్నాను."

"నాకిచ్చారు, నాది అన్నాను. లాక్కోబోయారు. ఉండండి, ఈ కథలో ఆవిడ పావురాన్ని గుండెలకు హత్తుకుని ఎందుకేడుస్తోందో చెప్పండి, అప్పుడిస్తానన్నాను."

"అది తెలియాలంటే మొదటి నుంచీ చెప్పాలి అన్నాను."

"చెప్పండి, బండికింకా గంటుందిగా అన్నాను."

"గంటలో అయ్యే కథేనా అది? కోట వర్ణనే అరగంట!"

"మరి బండి?" అంది అత్త.

"వెళ్ళిపోయింది," అంది టీచరమ్మ. "పావురం రెక్కకి దెబ్బ తగిలిన చోట."

నేను జిగురు గిన్నెలో కర్ర తిప్పుతూ నిలబడ్డాను. జిగురు ఎప్పుడో ఎండిపోయింది.

"ఆఖరి అధ్యాయం నేను పైకి చదివాను," అంది టీచరమ్మ మెల్లగా. "ఈయన విన్నారు. అయిపోయాక లేచి, స్టూలెక్కి, గడియారం తలుపు తీసి..." అక్కడ ఆగి భర్త వైపు చూసింది.

మేస్త్రి తన చెప్పులు చూసుకున్నాడు. రెండూ ఒకే జతవి. "ఎనిమిది నిమిషాలేగా," అన్నాడు.

అత్త ముక్కు మీదికి జారిన కళ్ళజోడు పైకి తోసింది. "అయితే అడుగుతున్నాను. ముందు ఎవరు మాట్లాడాలి?"

ఇన్నేళ్ళుగా ఆ ప్రశ్నకు మేస్త్రి జవాబు ఒకటే. తప్పు చేసినవాళ్ళు మాట్లాడాలి అనేవాడు. ఆ రోజు మాత్రం కొంచెం ఆలోచించి, "ఆఖరి అధ్యాయం ఎవరికి కావాలో వాళ్ళు," అన్నాడు.

వాళ్ళు గుమ్మం దిగుతూ పావురం బతికినట్టా పోయినట్టా అని మళ్ళీ వాదన మొదలుపెట్టారు. నవ్వుకుంటూ.

నేను అత్త మీద విరుచుకుపడ్డాను. "నన్ను ఆదివారమంతా కాగితాల్లో దొర్లించావు! ముందే చెబితే నీ సొమ్మేం పోయింది?"

"నీకు చెబితే సాయంత్రానికల్లా ఆ పావురం ఏనుగై ఊరంతా తిరిగేది."

అత్త సొరుగు అట్టడుగు నుంచి ఒక ఖాకీ పుస్తకం తీసింది. నంబరు ఒకటి. అది నా కుట్టు కాదు. ఒక అంచు చిరిగి పీలికలుగా ఉంది.

"మీ మావయ్యా నేనూ ఒకే నవల ఒకేసారి చదివేవాళ్ళం రా. ఆయన ముందు నుంచి, నేను వెనక నుంచి. ఒకరోజు ఏదో గొడవొచ్చి ఇటు నేను లాగాను, అటు ఆయన లాగాడు. ముక్క నా చేతికొచ్చింది. వారం రోజులు ఆయన పడ్డ బాధ చూడాలి! చివరికి వచ్చి, 'ఏమయిందో చెప్పవే' అన్నాడు. అంత తీయగా పెళ్ళిచూపుల్లో కూడా అడగలేదు." అత్త నవ్వింది. "ఆయన పోయాక ఈ షాపు పెట్టాను. జనం పుస్తకం పట్టుకుపోతారు, గుమ్మంలోంచి తిరిగిచ్చి పోతారు. ఎవరూ కూర్చోరు. ఇంటికెళ్తే పలకరించే దిక్కులేనివాళ్ళు సగం మంది. ఆఖరి అధ్యాయం నా దగ్గరుంటే, వచ్చి కూర్చుంటారు కదా."

"మరి దొంగతనం అనేదానివి?"

"నువ్వు పిచ్చుక గూడు పెట్టిందనడం లేదూ!"

ఇక్కడితో ఈ కథ అయిపోవాలి. కానీ నిజం చెప్పే అలవాటు నాకు చిన్నప్పటి నుంచీ ఉంది కాబట్టి ఇంకొక్క సంగతి చెప్పక తప్పదు. కిందటి వారం మా ఇంటికొచ్చిన స్నేహితుల ముందు, మా ఆవిడ నన్ను చేసుకోవడానికి మూడు రోజులు తిండి మానేసిందని చిన్న అతిశయోక్తి ఒకటి అన్నాను. ఆవిడ ఆఫీసు ముందు మూడు నెలలు సైకిలు చక్రంలో గాలి తీసుకుంటూ, కొట్టుకుంటూ నిలబడ్డది నేనని ఆవిడకు బాగా గుర్తుందట. నాలుగు రోజులుగా ఇంట్లో మాటల్లేవు. నేను ఈ సంగతి ఎవరికీ చెప్పలేదు.

ఇవాళ షాపు నుంచి బయల్దేరుతుంటే అత్త నా చెప్పుల వైపు చూసింది. ఎర్రదారం పుస్తకం ఒకటి నా సంచిలో పడేసింది.

"నాకెందుకు అత్తా? నేను కుట్టేవాణ్ణే గానీ చదివేవాణ్ణా!"

"చదువు," అంది.

ఇంటికొచ్చి, అలవాటు ప్రకారం ముందుగా వెనక పేజీ తిప్పాను. నా కుట్టే. ఆఖరి అధ్యాయం లేదు. తలెత్తి చూస్తే వంటింటి గుమ్మంలో మా ఆవిడ గోడకానుకుని నిలబడి ఉంది. చేతిలో పల్చటి ఖాకీ పుస్తకం. చదువుతూ చదువుతూ పెదాలు బిగబట్టి నవ్వాపుకుంటోంది. ఎందుకు నవ్వుతోందో తెలుసుకోవాలని నా ప్రాణం గిలగిల్లాడుతోంది. ముందు ఎవరు మాట్లాడాలో నాకు తెలుసు. కానీ, "మొదలేమిటో చెప్పండి" అని అడిగిందనుకోండి, నేనేం చెప్పను? నా చేతిలో రెండొందల ఆరు పేజీలున్నాయి.

లెక్కల మాస్టారు చూస్తే సంతోషించేవారు. కుర్చీ లాక్కుని, మొదటి పేజీ తెరిచాను.